వర్తకమే అమానతుగా: మాచాని సోమప్పగారి జీవితం

ధర్మవరం వీధులలో తిరిగిన వారికి మగ్గం చప్పుడు కొత్త కాదు. బుక్కపట్నం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల విద్యార్థులలో నేతపనివారి బిడ్డలు ఉన్నారు, చిన్న పట్టణాల వర్తకుల బిడ్డలూ ఉన్నారు. ఈ రెండు ఇండ్లకు తరతరాలుగా ఉన్న చుట్టరికం చాలా చోట్ల అప్పు చుట్టరికమే. దానిని మార్చడానికి జీవితాన్ని వెచ్చించిన ఒక రాయలసీమ వర్తకుని ఈ సంచికలో స్మరించుకొనడం మా విధి అని భావిస్తున్నాము. ఆయనే ఎమ్మిగనూరు వాస్తవ్యులు, పద్మశ్రీ మాచాని సోమప్పగారు.

కర్నూలు జిల్లాలోని ఎమ్మిగనూరు ఆదోనికి, మంత్రాలయానికి చేరువలో ఉన్న పట్టణం. ప్రత్తి పండే నల్లరేగడి ఒకవైపు, వాన కరువైతే ఊళ్లు విడిచి వలసపోయే బీదజనం మరొకవైపు. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో జన్మించిన సోమప్పగారు నేత మర్మాన్నీ, బట్టల వ్యాపారాన్నీ ఎరిగిన సమాజంలో పెరిగారు. అటువంటి వర్తకునికి ఎదుట ఉన్న మార్గం సుగమమే. నూలు అప్పుగా ఇచ్చి, మజూరీ తానే నిర్ణయించి, నేసిన బట్టను తన అంగడికే చేర్చుకొంటే లాభానికి కొదువ ఉండదు.

ఆ పద్ధతిలో నేతగాని స్థితి ఎట్టిదో మనం ఎరుగుదుము. గుంట మగ్గంలో కూర్చున్న ఇంటి యజమానితో పాటు కండెలు చుట్టే ఇల్లాలు, పడుగు సరిచేసే పిల్లలు కూడ పనివారే. కాని చేతికి వచ్చే మజూరీ ఒక్కరిదే. దానిలో పాత బాకీ పోగా మిగిలినదే వారి గ్రాసం. మిల్లులు నూలును బేళ్ల లెక్కన, రొక్కానికి అమ్ముతాయి. విడిగా ఉన్న నేతగాడు ఆ రొక్కం తేలేడు. కనుక సావుకారు గడప తొక్కక తప్పదు.

ఈ చిక్కుముడి వర్తకుడైన సోమప్పగారికి స్పష్టంగా కనుపించింది. నేతగాని బీదతనానికి మూలం చేతిపనిలో లోపం కాదు, కొనుగోలు బలం లేకపోవడమే. మద్రాసు రాష్ట్రంలో 1932 నాటి సహకార సంఘాల చట్టం అప్పటికే అమలులో ఉంది. 1935లో చేనేతవారికై రాష్ట్రస్థాయి సహకార సంఘం కూడ ఏర్పడింది. 1938లో సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. నూలును ఒక్కసారిగా కొనడం, సభ్యులకు పంచి మజూరీ చెల్లించడం, బట్టను సంఘమే అమ్మడం, లాభం మిగిలితే దానిని సభ్యులకే చెందించడం అటువంటి సంఘం పని. సావుకారు అంగడిలో జరిగేదీ ఇదే వ్యాపారం. అయితే ఇక్కడ నేతగాడే అంగడికి యజమాని.

సంఘం నిలదొక్కుకొనే వేళకే 1939లో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. నూలు కరువై, ధరలు పెరిగి, 1943 నుండి బట్టకూ నూలుకూ నియంత్రణలు వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్టపై పన్ను విధించి ఆ ధనాన్ని ఖద్దరు, చేనేతల అభివృద్ధికి వినియోగించే శాసనం వచ్చింది. క్రమంగా ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు ఊరి పేరుతోనే ప్రసిద్ధి చెందాయి.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. మరుసటి ఏడు, అనగా 1954లో, పద్మ పురస్కారాలు ప్రారంభమైన సంవత్సరంలోనే, భారత ప్రభుత్వం సోమప్పగారిని పద్మశ్రీతో గౌరవించింది. ఒక చిన్న పట్టణపు వర్తకునికి అంతటి గౌరవం దక్కినది ఆయన కూడబెట్టిన ధనానికి కాదు, పరుల ఇండ్లలో నిలబెట్టిన మగ్గాలకు.

మన ఇండ్లలో అమానతు అనే మాట పెద్దలు తరచు పలుకుతారు. ఒకరి సొమ్ము మన చేతిలో ఉన్నంత మాత్రాన అది మనది కాదనీ, అడిగిన నాడు చెక్కుచెదరకుండ అప్పగించవలెననీ దాని భావం. సోమప్పగారు సొమ్మును మాత్రమే గాక, బేరమాడే నేర్పును, లెక్కలు వ్రాసే తెలివిని సైతం అమానతుగానే తలచారని వారి జీవితం చాటుతున్నది. వారు వ్యాపారాన్ని త్యజించిన విరాగి కారు. ఆ విద్యను పరులకు పంచియిచ్చిన వర్తకులు.

అయితే చేనేత రంగాన్ని అంతటినీ పీడించిన కష్టాలు వారి అనంతరం ఆ సంఘాన్ని కూడ విడిచిపెట్టలేదు. మరమగ్గాల పోటీ, నూలు ధరల ఎగుడుదిగుడులు ఎన్నో మగ్గాలను మూగవోయేటట్లు చేశాయి. దీనినిబట్టి వారి కృషి వ్యర్థమని తలచరాదు. బుక్కరాయల పేరు మోసిన మన బుక్కపట్నం చెరువును చూడండి. చెరువు త్రవ్వించినవారు ఒకరే కావచ్చు. కాని ఏటేటా కట్టపై మట్టి వేసి, కాలువల పూడిక తీసే పని ఊరందరిది. దానినే పెద్దలు కుడిమరామత్తు అన్నారు. సంఘమైనా, కళాశాలయైనా అంతే.

రేపు వర్తకులూ ఉద్యోగులూ కానున్న మన విద్యార్థులలో కొందరైనా తమ నేర్పును తమ ఇంటి గడప దాటించి, అటువంటి కట్టపై ఒక గంపెడు మట్టి వేయగలరని ఆశిస్తున్నాము. సోమప్పగారికి మనం అర్పించగల నివాళి అదే.