దారిలో ఎదురైన వాళ్ళు

1893 ఫిబ్రవరి 13 న సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలో ముప్ఫై యేళ్ళ బెంగాలీ సన్యాసి ఒకాయన ఇంగ్లీషులో ఉపన్యసించాడు. వినడానికి సుమారు వెయ్యి మంది వచ్చారట. పడమటి దేశాలకు తాను ఎందుకు వెళ్ళదలిచాడో చెప్పడమే ఆనాటి విషయం. ఆ వక్తే తర్వాత లోకమంతా ఎరిగిన స్వామి వివేకానంద. అప్పటికింకా ఆ పేరు కూడా ఆయనకు స్థిరపడలేదు.

హైదరాబాదు వాళ్ళు ఆయనను బాగానే ఆదరించారు. రైలు దిగేసరికి స్టేషను నిండా జనం. నిజాం ప్రభువు బంధువర్గంలో పెద్ద అయిన సర్ ఖుర్షీద్ జా వెయ్యి రూపాయలు ఇస్తానన్నాడు. ఇంకా సమయం రాలేదని స్వామి పుచ్చుకోలేదు. మరి ఆ రోజున ఆయన దగ్గర ఏముంది? చికాగో సర్వమత సభ నుంచి పిలుపు లేదు. ప్రతినిధిగా నియమిస్తూ ఏ సంస్థా ఇచ్చిన కాగితం లేదు. ఓడ టిక్కెట్టుకి డబ్బు పూర్తిగా పోగుకాలేదు. అమెరికాలో తెలిసిన మనిషి ఒక్కడు లేడు. అంతటి మేధావి ఏ ధైర్యంతో బయల్దేరాడు? నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న యిది.

నేను లెక్కలు చెప్పుకు బతికే వాణ్ణి. సంభావ్యతా సిద్ధాంతం పాఠం వచ్చినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు లేచి, అనుకోని చోట అనుకోని మనిషి ఆదుకుంటే దాన్ని దైవకృప అనాలా, కాకతాళీయం అనాలా అని అడుగుతారు. సిలబస్సులో లేని ప్రశ్న గనుక నవ్వి దాటవెయ్యొచ్చు. కానీ వివేకానందుని జీవితం చదివిన వాడికి అలా దాటవెయ్యడం కుదరదు. ఆయన బతుకంతా ఆ ప్రశ్న మీదనే నడిచింది మరి.

అసలు ఆయన రామకృష్ణ పరమహంసను చేరుకున్న తీరే చూడండి. నరేంద్రనాథ్ దత్తు కలకత్తాలో జనరల్ అసెంబ్లీ విద్యాసంస్థలో చదువుతున్నాడు. ఒకరోజు ఇంగ్లీషు సాహిత్యం చెప్పే లెక్చరరు రాలేదు. ప్రిన్సిపాలు హేస్టీ దొరే క్లాసు తీసుకున్నాడు. పాఠం వర్డ్స్‌వర్త్ కవిత్వం. ప్రకృతిని చూస్తూ కవి ఒళ్ళు మరిచే స్థితిని గురించి వివరిస్తూ, అలాంటి స్థితి కళ్ళారా చూడాలంటే దక్షిణేశ్వరం వెళ్ళి అక్కడి రామకృష్ణుణ్ణి చూడమన్నాడు ఆ స్కాట్లాండు క్రైస్తవ పండితుడు. (మాలో ఎవరైనా సెలవు పెట్టినప్పుడు ప్రిన్సిపాలుగారు కోప్పడకుండా ఉండటానికి ఈ సంగతి పనికొస్తుందేమో!) తర్వాత 1881 నవంబరులో ఒక భక్తుని యింట్లో పాడే వాడు కావలసి వచ్చి, పొరుగున ఉన్న నరేంద్రుణ్ణి పిలిచారు. ఆ పాట వింటూ కూర్చున్న వాడే రామకృష్ణుడు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే కథ చాలా తియ్యగా ఉంటుంది. కానీ 1884 సంగతి కూడా చెప్పాలి. అది చెప్పకుండా వివేకానందుణ్ణి పొగిడే వాళ్ళంటే నాకు కొంచెం అనుమానం.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో తండ్రి విశ్వనాథ్ దత్తు హఠాత్తుగా పోయాడు. ఆయన పెద్ద అటార్నీయే గానీ మిగిల్చింది అప్పులు. బంధువులు ఇంటి మీద దావా వేశారు. బి.ఎ. చదివిన నరేంద్రుడు కాళ్ళకు చెప్పుల్లేకుండా ఎర్రటి ఎండలో ఆఫీసు ఆఫీసుకీ తిరిగాడు. ఎక్కడా పని దొరకలేదు. ఇంట్లో ఉన్న నాలుగు మెతుకులూ తల్లికీ తమ్ముళ్ళకీ మిగలాలని, తనకు వేరే చోట భోజనానికి పిలుపుందని అబద్ధం చెప్పి పస్తుండేవాడు. ఒక మధ్యాహ్నం మైదానంలో స్తంభం నీడన కూలబడ్డాడు. ఓదార్చుదామని పక్కనున్న స్నేహితుడొకడు దేవుని దయను గురించి పాట ఎత్తుకున్నాడు. నరేంద్రుడికి ఒళ్ళు మండిపోయింది. ఆకలి ఎరగని వాళ్ళకు, పంకా కింద కూర్చున్న వాళ్ళకు ఆ పాట బాగుంటుందని కసిరాడు. దేవుడే లేడని, ఉన్నా పిలిచి లాభం లేదని బాహాటంగా అనేవాడు ఆ రోజుల్లో.

గమనించండి, కలకత్తా వీధుల్లోనూ ఆయనకు కొత్తవాళ్ళు ఎదురయ్యారు, వందల మంది. ఎవరి చేతిలోనూ ఆయనకు దేవుని చెయ్యి కనబడలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత చికాగోలో అవే మూసిన తలుపులు, అదే ఆకలి. ఆ మనిషి అక్కడ రోడ్డు పక్కన కూర్చుని, ఏం జరిగినా ఆయన ఇష్టమే అనుకోగలిగాడు. ఈ తొమ్మిదేళ్ళలో ఏం జరిగింది?

1886 ఆగస్టులో గురువు పోయాడు. 1888 నుంచి నరేంద్రుడు దేశం మీద పడ్డాడు. చేతిలో కర్ర, కమండలం. చాలాకాలం డబ్బు ముట్టలేదు. ఎవరైనా టిక్కెట్టు కొనిస్తే రైలెక్కడం, లేకపోతే నడవడం. అడక్కుండా ఎవరైనా పెడితే తినడం. అంటే బుద్ధిపూర్వకంగా తన బతుకును దారిన పోయేవాళ్ళ చేతుల్లో పెట్టాడన్న మాట. కలకత్తాలో ఆకలి వచ్చి మీద పడింది. ఇక్కడ ఆయనే దానికి ఎదురు వెళ్ళాడు. ఆ తేడా చిన్నదేమీ కాదని నా అభిప్రాయం.

హాత్రాస్ స్టేషనులో ఒక మూల కూర్చుని ఉంటే అసిస్టెంటు స్టేషను మాస్టరు శరత్‌చంద్ర గుప్తా చూశాడు. ఆకలిగా ఉందా అని అడిగి ఇంటికి తీసుకెళ్ళాడు. నాలుగు రోజులు గడిచేసరికి ఉద్యోగం వదిలి వెంట బయల్దేరాడు. ఆయనే సదానంద స్వామి. హిమాలయాల దారిలో ఈ శిష్యుడు జబ్బు పడితే అతని సామాను గురువే మోశాడు. ఆ మూటలో శిష్యుని జోళ్ళు కూడా ఉన్నాయి.

తాడిఘాట్ స్టేషను కథ మీరు వినే ఉంటారు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. స్వామి నీళ్ళకు కూడా దిక్కులేక ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాడు. అదే పెట్టెలో వచ్చిన ఒక వ్యాపారి నీడన చేరి పూరీలు తింటూ, సంపాదించని సన్యాసికి ఇదే శాస్తి అని ఎగతాళి చేస్తున్నాడు. ఇంతలో ఒక మిఠాయి దుకాణం మనిషి మూటతోనూ కుండెడు చల్లటి నీళ్ళతోనూ వచ్చి, చాప పరిచి, భోజనం పెట్టాడు. పగటి నిద్రలో రాముడు కనిపించి ఈ సాధువును చూపించాడని, కలేలే అని పక్కకు తిరిగి పడుకుంటే మళ్ళీ తట్టి లేపాడని చెప్పాడు. జీవిత చరిత్రల్లో ఉన్న సంగతి కనుక రాశాను. నాకయితే ఆ కలకంటే, నిద్ర పాడుచేసుకుని లేచి, పొయ్యి వెలిగించిన ఆ మనిషే ఎక్కువ ఆశ్చర్యంగా కనిపిస్తాడు.

1890 లో ఆల్మోరా దగ్గర ఇంకోటి. అఖండానంద స్వామితో కలిసి కొండదారిన నడుస్తూ ఆకలికి సొమ్మసిల్లి పడిపోయాడు. తోటి స్వామి నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఎదురుగా ముసల్మానుల సమాధులు. వాటిని కనిపెట్టుకుని ఉండే ఫకీరు ఒక దోసకాయ పట్టుకొచ్చాడు. నోట్లో పెట్టమన్నాడు స్వామి. తాను ముసల్మానునని ఫకీరు వెనకాడాడు. మనమంతా అన్నదమ్ములం కామా అని నవ్వాడు స్వామి. ఆ దోసకాయ ప్రాణం నిలిపిందని ఆయన తర్వాత చెప్పుకునేవాడు.

మరుసటి ఏడు ఆబూ పర్వతం మీద ఒక గుహలో ఉంటే, ఆ దారిన పోయే ముస్లిం వకీలు పలకరించి తన బంగళాకు రమ్మన్నాడు. ఆ వకీలు యింట్లోనే ఖేత్రీ సంస్థానం రాజా అజిత్‌సింగ్ కార్యదర్శి ఆయనను చూశాడు. 1891 జూన్‌లో రాజా పరిచయం అయ్యాడు. ఈ రాజాయే తర్వాత మొదటి తరగతి ఓడ టిక్కెట్టు కొన్నాడు, తలపాగా పెట్టించాడు, కలకత్తాలో ఉన్న స్వామి తల్లికి నెలకు వంద రూపాయలు పంపాడు. వకీలు ఆ రోజు ఆ దారిన పోకపోతే? లెక్కల వాణ్ణి గనుక యీ పోకపోతే అనే మాటకు విలువ కట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మద్రాసులో పచ్చయ్యప్ప స్కూలు ఉపాధ్యాయుడు అళసింగ పెరుమాళ్ ఇంటింటికీ తిరిగి చందా పోగుచేశాడు. 1893 మే 31 న బొంబాయిలో ఓడ కదిలింది. జపాను మీదుగా వాంకూవరు, అక్కడ్నుంచి రైల్లో చికాగో. జులై ఆఖరుకి అక్కడికి చేరాక తెలిసింది, సభ సెప్టెంబరు 11 దాకా మొదలు కాదని, పరిచయ పత్రాలు లేనిదే ప్రతినిధిగా తీసుకోరని, గడువు కూడా దాటిపోయిందని. రోజుకి ఒక పౌను ఖర్చు. తెచ్చుకున్న 179 పౌన్లు 130 కి దిగాయని ఆగస్టు 20 న అళసింగకు ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం రాసింది ఒక పల్లెటూరి యింట్లో కూర్చుని. కెనడా రైల్లో కేట్ శాన్‌బార్న్ అనే రచయిత్రి, ఈయన వేషమూ ఇంగ్లీషూ చూసి పలకరించి, బోస్టను వైపు వస్తే తన యింటికి రమ్మని చిరునామా ఇచ్చింది. బోస్టనులో ఖర్చు తక్కువని ఎవరో చెప్పగా వెళ్ళి ఆవిడకు అతిథి అయ్యాడు. ఆవిడ పరిచయాల వల్ల హార్వర్డు విశ్వవిద్యాలయంలో గ్రీకు చెప్పే ప్రొఫెసరు జాన్ హెన్రీ రైట్ తగిలాడు. ఆయన మాట్లాడి చూసి, సభ వాళ్ళకు ఉత్తరం రాశాడు. రైలు టిక్కెట్టు కూడా కొనిచ్చాడు.

ఇక గండం గడిచిందనుకుంటాం. చికాగోలో దిగేసరికి చిరునామా కాగితం పోయింది! అటువైపు పేటలో జర్మను వాళ్ళు, ఈయన మాట వాళ్ళకు అర్థం కాదు. ఆ రాత్రి రైల్వే గూడ్సు యార్డులో ఒక ఖాళీ పెట్టెలో పడుకున్నాడు. తెల్లవారి, మన దేశపు సన్యాసి అలవాటు చొప్పున, సరస్సు ఒడ్డున ధనవంతుల ఇళ్ళ వెంట దారి అడుగుతూ నడిచాడు. నలిగిన బట్టలు, వాడిన మొహం. నౌకర్లు తిట్టారు, మొహం మీదే తలుపులు వేశారు. నడిచి నడిచి డియర్‌బార్న్ అవెన్యూలో రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. ఎదురింటి తలుపు తీసి ఒక పెద్దావిడ వచ్చి, మీరు సర్వమత సభకు వచ్చిన ప్రతినిధా అని అడిగింది. ఆవిడ జార్జి హేల్ గారి భార్య. లోపలికి తీసుకెళ్ళి, స్నానానికీ భోజనానికీ ఏర్పాటు చేసి, తానే సభ కార్యాలయానికి వెంటబెట్టుకెళ్ళింది. తర్వాత సెప్టెంబరు 11 న జరిగింది మీకు తెలిసిందే.

ఇప్పుడు మా తరగతి ప్రశ్న. ఆ తలుపు తెరిపించింది దేవుడైతే, అంతకు ముందు మూసిన తలుపుల మాటేమిటి? లెక్క ప్రకారం, అన్ని ఇళ్ళు తిరిగిన వాడికి ఒక ఇల్లు దొరకడంలో వింత లేదు. వెయ్యి మంది ఎదురైతే వాళ్ళలో అయిదుగురు మంచివాళ్ళు ఉండటమూ వింత కాదు. చరిత్ర రాసేవాళ్ళు ఆ అయిదుగుర్నీ ఏరి రాస్తారు. ఇదంతా ఒప్పుకుంటాను. వివేకానందుడు కూడా తర్కం చదువుకున్న వాడే, ఆయనకీ ఇది తెలియకపోదు. అయినా హేల్ దంపతులు తన దారిలో దైవికంగా కలిసారనే నమ్మాడు. ఆ నమ్మకం నిజమా కాదా అని తేల్చే సూత్రం నా దగ్గర లేదు. నాకు కనిపించేది ఇంకొకటుంది. దేవుడు పంపాడు గనుక ఆ మనిషి ఒట్టి నిమిత్తమాత్రుడే అని సరిపెట్టుకుని, అన్నం తిని చెయ్యి కడుక్కుని పోయేవాళ్ళను మనం చూస్తూనే ఉంటాం. ఈయన అలా పోలేదు. హేల్ గారి యింట్లో ఆయనకు ఒక చిరునామా ఏర్పడింది. ఆ ఇంటి ఆడపిల్లలు చెల్లెళ్ళయ్యారు. వాళ్ళతో ఏళ్ళ తరబడి ఉత్తరాల్లో హాస్యమాడాడు, పోట్లాడాడు, తన జబ్బు సంగతులు చెప్పుకున్నాడు.

1895 డిసెంబరులో న్యూయార్కులో ఉపన్యాసాలు రాసిపెట్టడానికి పత్రికలో ప్రకటన వేస్తే వచ్చిన షార్ట్‌హ్యాండు రాతగాడు గుడ్విన్. జీతానికి వచ్చిన కుర్రవాడు కొద్దిరోజులకే జీతం వద్దన్నాడు. ఈనాడు మన లైబ్రరీ బీరువాలో ఉన్న వివేకానంద సాహిత్యంలో చాలా భాగం ఆ కుర్రవాని చేతి మీదుగా వచ్చిందే. ఇండియా వచ్చి 1898 జూన్‌లో ఉదకమండలంలో పోయాడు. ముప్ఫై కూడా నిండలేదు. స్వామి అతని కోసం పద్యం రాసి ఇంగ్లాండులో ఉన్న తల్లికి పంపించాడు.

ఓడ ప్రయాణంలో కలిసిన ఒకాయన సంగతి విజ్ఞాన విద్యార్థులకు ముఖ్యం. 1893 లో జపాను నుంచి చికాగో దాకా తోటి ప్రయాణికుడు జంషెడ్జీ టాటా. అయిదేళ్ళ తర్వాత, 1898 నవంబరులో, ఆ ప్రయాణాన్ని గుర్తుచేస్తూ, దేశంలో శాస్త్ర పరిశోధనా సంస్థ పెట్టే ఆలోచనకు సాయం కోరుతూ టాటా స్వామికి ఉత్తరం రాశాడు. 1909 లో ఆ సంస్థ బెంగుళూరులో ఏర్పడింది. అప్పటికి ఇద్దరూ లేరు. స్వామి 1902 జులై 4 న, ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో, బేలూరు మఠంలో పోయాడు.

ఆల్మోరా ఫకీరు సంగతి ఒకటి మిగిలింది. 1897 లో స్వామి విదేశాల నుంచి తిరిగొచ్చి ఆల్మోరా వెళితే ఊరు ఊరంతా కదిలి వచ్చింది. గుర్రం, ఊరేగింపు, పువ్వులు. ఆ గుంపులో ఒక పక్కన నిలబడ్డ ఫకీరును ఆయన పోల్చుకున్నాడు. దగ్గరికి పిలిచి, ఏడేళ్ళ కిందట తన ప్రాణం కాపాడింది ఇతనేనని వెంట ఉన్న వాళ్ళకు చెప్పి, చేతిలో డబ్బు పెట్టాడు.