లాటిన్ రాదని పరీక్షే రాయనివ్వలేదు.. చివరికి నోబెల్ కొట్టారు! వాండర్‌వాల్స్ కథ ఇదీ

తిరుపతి, చిత్తూరు డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఫినాల్, నీళ్ల ప్రాక్టికల్ గుర్తుండే ఉంటుంది. పరీక్షనాళికలో రెండూ కలిపితే రెండు పొరలుగా విడిపోతాయి. కలియబెడుతూ వేడి చేస్తే ఒక దశలో మసక పోయి ద్రవం తేటగా మారుతుంది. చల్లారితే మళ్లీ పాలలా తెల్లబడుతుంది. ఆ రెండు ఉష్ణోగ్రతల సగటే రీడింగ్. పాళ్లు మారుస్తూ గ్రాఫ్ గీస్తే కొండలాంటి గీత వస్తుంది. ఆ కొండ కొసే సందిగ్ధ ద్రావణ ఉష్ణోగ్రత. ఫినాల్, నీళ్లకు ఇది దాదాపు 66 డిగ్రీల సెల్సియస్. మిథనాల్, సైక్లోహెక్సేన్ లాంటి సేంద్రియ ద్రవాల జంటకైతే 45 డిగ్రీల దగ్గరే. అది దాటితే ఏ పాళ్లలో కలిపినా రెండూ ఒక్కటే.

మరి ఇలా ఎందుకు జరుగుతుంది? దీనికి అణువుల లెక్కతో జవాబు చెప్పిన వ్యక్తి ఒక వడ్రంగి కొడుకు. పేరు యోహానెస్ డిడెరిక్ వాండర్‌వాల్స్.

1837 నవంబర్ 23న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పుట్టారు. పది మంది పిల్లల్లో పెద్దవాడు. యూనివర్సిటీకి దారితీసే బడిలో చదివే స్తోమత ఆ ఇంటికి లేదు. చిన్న వయసులోనే బడి పంతులుగా చేరారు. ఖాళీ దొరికినప్పుడల్లా లైడెన్ యూనివర్సిటీకి వెళ్లి పాఠాలు విన్నారు. కానీ లాటిన్, గ్రీకు రాకపోవడంతో డిగ్రీ పరీక్షలు రాయనివ్వలేదు. తర్వాత ఆ నిబంధన నుంచి మినహాయింపు దొరికింది. 1873లో, 35 ఏళ్ల వయసులో, డాక్టరేట్ సాధించారు. వాయువులు, ద్రవాలు వేర్వేరు కావని చెప్పిన ఆ సిద్ధాంత వ్యాసం యూరప్ మొత్తాన్ని ఆకట్టుకుంది. ఇంటర్ పిల్లలు చదివే వాండర్‌వాల్స్ సమీకరణం అందులోదే.

1877లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. అంతా బాగుందనుకునేలోపే 1881లో భార్య అన్నా క్షయవ్యాధితో చనిపోయారు. ఆ దెబ్బకు ఆయన కుంగిపోయారు. దాదాపు పదేళ్లు ఒక్క పరిశోధనా ప్రచురించలేదు.

అయితే 1890లో మళ్లీ కలం పట్టారు. ఈసారి రాసింది రెండు పదార్థాల మిశ్రమాల సిద్ధాంతం. దాని సారాంశం సింపుల్. ఒకే రకం అణువుల మధ్య ఆకర్షణ ఉన్నట్టే, వేర్వేరు రకాల అణువుల మధ్యా ఉంటుంది. ఆ రెండో ఆకర్షణ బలహీనంగా ఉంటే ద్రవాలు విడిపోతాయి. వేడి పెరిగితే అణువుల కదలిక పెరిగి, చాలా జంటలు కలిసిపోతాయి.

1910లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటికి వయసు 72 దాటింది. 1923 మార్చి 8న ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశారు.

ఆ లెక్క నేటికీ పనికొస్తోంది. డీజిల్ లాంటి ఇంధనాల స్వభావం తెలుసుకోవడానికి చేసే అనిలిన్ పాయింట్ పరీక్ష ఈ కోవలోదే. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం నుంచీ సేంద్రియ ద్రవ మిశ్రమాలపై ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చాయి. భాష రాదని గేటు దగ్గర ఆపేసిన ఆ పంతులు పేరు లేకుండా ఈ పాఠం ఇప్పుడు ముందుకు సాగదు.