తన లెక్క తానే దిద్దుకున్న మహనీయుడు

పొయ్యి దగ్గర పొరపాటున ఒక వెంట్రుక కాలితే వచ్చే కమురు వాసన మనందరికీ తెలిసినదే. ఆ ఘాటుకు ముఖ్య కారణం వెంట్రుకలో ఉన్న గంధకం. ఆ గంధకం చాలావరకు సిస్టీన్ అనే ఎమైనో ఆమ్లంలో ఉంటుంది. మనం తినే పప్పు, పాలు, గుడ్డు, చేప మొదలైన వాటిలోని మాంసకృత్తులన్నీ ఇరవై రకాల ఎమైనో ఆమ్లాలు దండలో పూసల్లా గుచ్చుకోగా ఏర్పడినవే. వాటిలో సిస్టీన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. దాని కొసన గంధకం, దాన్ని అంటిపెట్టుకుని ఉదజని ఉంటాయి. రెండు సిస్టీన్లు ఆ ఉదజనిని వదిలేస్తే, వాటి గంధకాలు చేయీ చేయీ కలిపినట్టు పెనవేసుకుంటాయి. ఉదజనిని తిరిగి ఇస్తే మళ్ళీ విడిపోతాయి. వెంట్రుకకు, గోటికి గట్టిదనం వచ్చేది ఈ ముడి వల్లనే.

కలిసే, విడిపోయే ఈ గుణం ప్రాణానికి ఎంత అవసరమో మొదట గ్రహించిన వారిలో అగ్రగణ్యుడు ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ గౌలండ్ హాప్‌కిన్స్. విటమిన్ల పరిశోధనకు నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్తగా ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. కాని ఆయన జీవితంలో అంతకన్నా గొప్ప ఘట్టం మరొకటి ఉంది.

హాప్‌కిన్స్ 1861 జూన్ 20న ఈస్ట్‌బోర్న్ అనే సముద్రతీర పట్టణంలో జన్మించాడు. యేసు సభ గురువూ, ప్రసిద్ధ ఆంగ్ల కవీ అయిన జెరార్డ్ మాన్లీ హాప్‌కిన్స్ వీరికి దగ్గరి బంధువు. తండ్రి లండనులో పుస్తకాల వ్యాపారి. పిల్లవాడు పసివాడుగా ఉండగానే ఆయన కన్నుమూశాడు. తల్లి చాటున పెరిగిన ఆ బాలునికి బడి అంతగా రుచించలేదు. పదిహేడేళ్ళకు ఒక బీమా కార్యాలయంలో గుమాస్తాగా చేరి, కొద్ది నెలలకే మానేశాడు. తర్వాత రసాయన పరీక్షలు చేసే ఒకరి వద్ద మూడేళ్ళు పని నేర్చుకున్నాడు. తాతగారి ఆస్తిలో కొంత సొమ్ము చేతికి రావడంతో కళాశాల చదువుకు దారి దొరికింది. గైస్ ఆసుపత్రిలో విషప్రయోగం కేసులను పరీక్షించే నిపుణునికి సహాయకుడయ్యాడు. తోటివారు అప్పటికే వైద్యులై స్థిరపడుతుంటే, ఈయన 1888లో ఇరవై ఏడవ ఏట వైద్యవిద్యలో చేరాడు. 1894లో పట్టా చేతికి వచ్చింది. 1898లో జెస్సీ ఆన్ స్టీవెన్స్‌ను వివాహమాడి, అదే సంవత్సరం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు.

అక్కడ ఒకనాడు విద్యార్థులు మాంసకృత్తులను గుర్తించే పరీక్ష చేస్తున్నారు. అసిటిక్ ఆమ్లం, గాఢ గంధకామ్లం కలిపితే ఊదారంగు రావాలి. ఒక విద్యార్థికి ఎంత చేసినా రంగు రాలేదు. సాధారణంగా అయితే ఉపాధ్యాయుడు నాలుగు చీవాట్లు పెట్టి మళ్ళీ చేయమంటాడు. హాప్‌కిన్స్ మాత్రం సీసాలోని ఆమ్లాన్నే అనుమానించాడు. సిడ్నీ కోల్ అనే సహచరునితో కలిసి శోధించగా అసలు సంగతి బయటపడింది. రంగు తెప్పించేది అసిటిక్ ఆమ్లం కాదు, అందులో కల్తీగా ఉండే గ్లయాక్సిలిక్ ఆమ్లం! ఆ విద్యార్థికి దొరికిన ఆమ్లం మరీ శుద్ధమైనది కనుక రంగు రాలేదు. మరి మాంసకృత్తులోని ఏ భాగం ఆ రంగునిస్తున్నదని వెదుకుతూ పోగా, 1901లో ట్రిప్టోఫాన్ అనే కొత్త ఎమైనో ఆమ్లం శుద్ధరూపంలో చేతికి చిక్కింది. చెడిపోయిందనుకున్న పరీక్ష ఒక పెద్ద సత్యానికి తలుపు తీసింది.

ట్రిప్టోఫాన్ లేకపోతే ఏమవుతుంది? మొక్కజొన్నలోని జీన్ అనే మాంసకృత్తులో అది లేదు. 1906లో ఎడిత్ విల్‌కాక్ అనే పరిశోధకురాలితో కలిసి ఆయన చిట్టెలుకలకు మాంసకృత్తుగా జీన్ ఒక్కటే పెట్టి చూశాడు. అవి త్వరగా చనిపోయాయి. ట్రిప్టోఫాన్ కలిపితే మరికొంతకాలం బ్రతికాయి గాని పెరగలేదు. జీన్‌లో లైసిన్ అనే మరొక ఎమైనో ఆమ్లం కూడా లేదు మరి. కడుపు నిండితే చాలదు, కావలసిన పూసలన్నీ అందాలని తేలింది. మన ఇళ్ళలో పప్పు, అన్నం కలిపి తినడంలోనూ ఈ మేలే ఉంది. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో అది ఎక్కువ. పప్పులో గంధకం ఉన్న ఎమైనో ఆమ్లాలు తక్కువ, ఆ లోటును బియ్యం పూడుస్తుంది.

1912లో హాప్‌కిన్స్ మరొక ప్రయోగాన్ని ప్రకటించాడు. శుద్ధి చేసిన మాంసకృత్తు, పిండి, చక్కెర, కొవ్వు, లవణాలు మాత్రమే తిన్న ఎలుకపిల్లలు ఎదుగుదల లేక నిలిచిపోయాయి. రోజుకు 3 మిల్లీలీటర్ల పాలు, అంటే ఒక చెంచాడు కూడా కాదు, అదనంగా తాగినవి చక్కగా పెరిగాయి. 18వ రోజున పాలను ఒక గుంపు నుండి తీసి రెండవ గుంపుకు ఇవ్వగా, ఎదుగుదల కూడా అటు మారిపోయింది. తర్వాతి కాలంలో విటమిన్లు అన్న పేరు స్థిరపడింది ఇటువంటి పదార్థాలకే. 1914లో ఆయన కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రానికి తొలి ఆచార్యుడయ్యాడు.

ఇక అసలు ఘట్టానికి వద్దాం. 1921లో హాప్‌కిన్స్ రొట్టెపిండిని పొంగించే ఈస్టు నుండి, కండరం నుండి, కాలేయం నుండి ఒక పదార్థాన్ని వేరుచేశాడు. అందులో సిస్టీన్ ఉంది. దాని గంధకం ఉదజనిని ఇస్తూ, పుచ్చుకుంటూ కణంలో కాపలాదారుగా పనిచేస్తున్నదని ఆయన గ్రహించాడు. దానికి గ్లూటాథయోన్ అని పేరు పెట్టి, అది గ్లూటామిక్ ఆమ్లం, సిస్టీన్ అనే రెండు పూసల ముక్క అని ప్రకటించాడు. అంతటి పెద్దవాడు చెప్పాక అందరూ ఒప్పుకున్నారు.

కాని 1927లో హంటర్, ఈగిల్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ లెక్క కుదరడం లేదని రాశారు. అప్పటికి హాప్‌కిన్స్‌కు అరవై ఆరేళ్ళు. సర్ బిరుదు వచ్చింది, ఆయన కోసం గొప్ప పరిశోధనాలయం వెలిసింది. ఆ మాటను కొట్టివేయగల పలుకుబడి ఆయనకు ఉంది. ఆయన అలా చేయలేదు. మళ్ళీ ప్రయోగశాలలో కూర్చుని, కొత్త పద్ధతిలో ఆ పదార్థాన్ని శుద్ధమైన స్ఫటికాలుగా తయారుచేసి పరీక్షించాడు. అందులో గ్లైసిన్ అనే మూడవ పూస ఉన్నట్టు తేలింది. తన పాత నిర్ణయం తప్పని 1929లో తానే అచ్చులో చెప్పుకున్నాడు. అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ బృందం కూడా విడిగా అదే ఫలితానికి చేరింది. 1935లో హారింగ్టన్, మీడ్ ఆ మూడు పూసలను గుచ్చి గ్లూటాథయోన్‌ను తయారుచేసి ఆ మాటను రూఢి చేశారు.

చిత్రమేమంటే, తప్పు ఒప్పుకున్న ఆ 1929లోనే హాప్‌కిన్స్‌కు ఐక్‌మన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. ఆ సందర్భంలో చేసిన ప్రసంగంలో కూడా తనకంటే ముందే ఈ దారిలో నడిచిన లూనిన్, పెకెల్‌హారింగ్ వంటివారి కృషిని ఆయన సభకు గుర్తుచేశాడు.

ఆ దిద్దుబాటు ఎంత మేలు చేసిందో చూడండి. పారాసిటమాల్ మాత్రలు మోతాదు మించి మింగితే కాలేయంలోని గ్లూటాథయోన్ ఖర్చైపోయి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు వైద్యులు ఇచ్చే విరుగుడు ఎసిటైల్ సిస్టీన్. అంటే శరీరానికి సిస్టీన్‌ను అందించి గ్లూటాథయోన్‌ను తిరిగి తయారు చేయించడమే. దాని నిర్మాణం సరిగ్గా తెలియకుంటే ఆ ఆలోచనకు ఆధారమెక్కడిది?

హాప్‌కిన్స్ ప్రయోగశాలలో స్త్రీలకు చోటుండేది. వారిలో ఒకరైన మార్జరీ స్టీఫెన్‌సన్ 1945లో రాయల్ సొసైటీకి ఎన్నికైన తొలి ఇద్దరు మహిళల్లో ఒకరు. 1933లో నాజీల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న హాన్స్ క్రెబ్స్‌కు ఆయన కేంబ్రిడ్జిలో ఆశ్రయమిచ్చాడు. ఆ క్రెబ్స్‌కు 1953లో నోబెల్ బహుమతి వచ్చింది. 1947 మే 16న హాప్‌కిన్స్ కేంబ్రిడ్జిలో కన్నుమూశాడు.

పిల్లలు లెక్క తప్పు చేస్తే మనం కోప్పడతాం. మన తప్పు వారు చూపిస్తే ఇంకా కోప్పడతాం. చేతికి వచ్చిన పేరు పోతుందేమోనన్న భయం పెద్దవారికే ఎక్కువ. హాప్‌కిన్స్ పేరు పోలేదు. తప్పిన పరీక్షను చీదరించుకోని గురువు, తప్పు చూపినవారిని తోసివేయని పెద్దమనిషి కనుకనే ఆ పేరు నిలిచింది. ఈ రాత్రి భోజనం దగ్గర పిల్లలకు ఈ కథ చెప్పండి. వీలైతే, మనం ఎప్పుడో చేసి దాచుకున్న ఒక తప్పు కూడా.