పాల్ ఎరూ జీవితము

విరిగిన నాగటికర్రును, చిల్లులుపడిన బొక్కెనయు, తుప్పుపట్టిన బండిపట్టాయు పనికిమాలినవని మనము పారవైతుము. అట్టి తుక్కును మరల మేలైన యుక్కుగా మార్చు విద్యుత్కొలిమిని లోకమున నెలకొల్పినవారిలో ముఖ్యుడు పాల్ ఎరూ యను ఫ్రెంచి దేశస్థుడు.

ఇతడు 1863 వ సంవత్సరము ఏప్రిల్ 10 వ తేదీన నార్మండీ సీమలో జన్మించెను. తండ్రి తోళ్లు పదునుచేయించు వ్యాపారి. పదునైదేండ్ల ప్రాయమున నీ బాలుడు సాంత్ క్లేర్ దెవీల్ అను పండితుడు అల్యూమినియమును గూర్చి రచించిన గ్రంథమును జదివెను. ఆ కాలమున నా లోహము మిక్కిలి వెలగలది. మంటిలో విస్తారముగా నున్నను, దానిని చౌకగా వేరుచేయు నుపాయ మెవ్వరికిని దెలియదు. ఆ యుపాయమును దాను కనుగొనవలెనని యాతడు నిశ్చయించుకొనెను.

పిదప పారిస్ నగరమందలి గనుల విద్యాలయమున జేరెను. కాని యీ యొక్క తలంపునందే మునిగి, తక్కిన పాఠముల నలక్ష్యము చేయుటచే మొదటి సంవత్సరమునకే యచ్చటినుండి తొలగింపబడెను. ఇది మెచ్చదగిన సంగతి గాదు. అయినను పడినచోటనే యుండిపోవుట యాతని స్వభావము గాదు. 1885 లో తండ్రి మరణించెను. తల్లి యొసగిన సొమ్ముతో నొక డైనమోను గొని, తోళ్ల కర్మాగారపు టావిరియంత్రముతో దానిని నడపుచు, ప్రయోగములు సాగించెను. 1886 లో గరగిన క్రయొలైటునందు అల్యూమినాను లీనముచేసి విద్యుత్తును బంపగా లోహము వేరుపడెను. అప్పటి కాతనికి ఇరువదిమూడేండ్లు. వింత యేమనగా, ఆ యేడే అమెరికాలో చార్లెస్ హాల్ అను యువకుడును ఈ పద్ధతినే స్వయముగా గనిపెట్టెను. వారిరువురును 1863 లోనే పుట్టి, 1914 లోనే గతించిరి.

స్వదేశమందలి ప్రసిద్ధ అల్యూమినియము వ్యాపారియగు పెషినే యీ నూతన పద్ధతిని మొదట నాదరింపలేదు. ఎరూ నిరాశ చెందక స్విట్జర్లండు దేశమునకు బోయి, నోయ్‌హౌసెన్ అను నూర దానిని నెగ్గించెను. అనంతరము ఫ్రాన్సునందును కర్మాగారములు వెలసెను.

తరువాత నాతని దృష్టి యుక్కుపై బడెను. బొగ్గుతోను గ్యాసుతోను మండు కొలిములలో గంధకము మొదలగు మాలిన్యములు లోహమును జేరుచుండెను. విద్యుత్తునకు పొగయు లేదు, బూడిదయు లేదు. కాని యొక చిక్కు గలదు: విద్యుత్తును దెచ్చు బొగ్గుకడ్డీలు కరగిన లోహమును దాకినచో, నందలి బొగ్గు దానిలో గలిసి గుణమును జెరచును. ఎరూ రెండు కడ్డీలను లోహముపైని చిట్టెమునకు మీదుగా వ్రేలాడదీసెను. విద్యుత్తొక కడ్డీనుండి మెరుపువలె దుమికి, చిట్టెమును దాటి, లోహముగుండ బోయి, రెండవ కడ్డీని జేరును. ఆ వేడికి తుక్కు కరగును; సున్నముతో గూడిన చిట్టెము గంధకమును, భాస్వరమును గ్రహించును. ఇట్లు 1900 లో సవాయ్ కొండలలోని లా ప్రాజ్ అనుచోట, జలశక్తి సాయమున మేలైన యుక్కు సిద్ధమయ్యెను. 1906 లో అమెరికాలోని సిరక్యూస్ నగరమున నిట్టి కొలిమి వెలిగెను.

1914 మే 9 వ తేదీన, తనకు బ్రియమైన యోడలో, ఫ్రాన్సు దక్షిణతీరమున నెరూ మరణించెను. మొదట ఖరీదైన పనిముట్ల యుక్కునకే వాడబడిన యా కొలిమి, విద్యుత్తు చౌకయైన కొలది సామాన్యపు టుక్కునకును వచ్చెను. నేడు మూడు కడ్డీల కొలిములలో, టన్నునకు సుమారు 400 యూనిట్ల విద్యుత్తుతో, తుక్కు కరగుచున్నది. లోకమందలి యుక్కులో నాలుగవవంతునకు పైగా నిట్టి కొలిములనుండియే వచ్చుచున్నది.

విద్యార్థులారా! పాఠముల నలక్ష్యము చేయుటలో మన మాతని ననుసరింపరాదు. పట్టిన కార్యమును విడువకుండుటలో ననుసరింపవలెను. పాఠశాల త్రోసివేసిన బాలుడే, లోకము త్రోసివేసిన తుక్కునకు మరల విలువ గల్పించెను. కావున దేనినిగాని, ఎవ్వరినిగాని తొందరపడి పనికిమాలినవని తలపకుందుము గాక.