చూడటం నేర్పిన గులాం యజ్దానీ సాహెబ్

ఎర్రమంచి, పెనుకొండ ప్రాంతాల్లోని మన కుటుంబాలకు లేపాక్షి దూరమేమీ కాదు. హిందూపురం నుంచి సుమారు 15 కిలోమీటర్లు. అయినా అక్కడి ఆలయపు పైకప్పు మీది చిత్రాలను మనలో ఎందరు తలెత్తి చూసి ఉంటారు? అవి మనవి కావు, మనకెందుకన్న సంకోచం ఒకటి. చూసినా ఏం చూడాలో తెలియకపోవడం మరొకటి. ఈ రెండింటినీ దాటి జీవితమంతా చిత్రాలను చదివిన ఒక ముస్లిం విద్వాంసుని గురించి ఈ వారం తెలుసుకుందాం. ఆయనే గులాం యజ్దానీ.

యజ్దానీ సాహెబ్ 1885లో ఢిల్లీలో జన్మించారు. అరబ్బీ, ఫార్సీ భాషల్లో గొప్ప పండితులు. మసీదుల మీద, సమాధుల మీద, కోటగోడల మీద చెక్కిన శాసనాలను చదవడం ఆయన మొదటి విద్య. ఆ శాసనాలను ప్రచురించే ప్రభుత్వ గ్రంథమాలకు ఏళ్ల తరబడి సంపాదకులుగా ఉన్నారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి ఆ బాధ్యతను ఆయనకు అప్పగించింది. 1943లో పదవీ విరమణ చేసేవరకు ఆ శాఖను ఆయనే నడిపించారు. పాలంపేట రామప్ప గుడి గురించి 1922లోనే గ్రంథం రాశారు. 2021లో ఆ గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు ఆయన పేరు ఎందరికి గుర్తొచ్చిందో!

అజంతా గుహలు అప్పట్లో హైదరాబాద్ రాజ్యంలో ఉండేవి. అక్కడి చిత్రాలు శిథిలమవుతున్నాయి. రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి శ్రమించి గీసిన నకళ్లు చాలావరకు 1866లో లండన్‌లో కాలిపోయాయి. గ్రిఫిత్స్ బృందం గీసిన నకళ్లలో అనేకం కూడా 1885లో అగ్నికి ఆహుతయ్యాయి. నకళ్లు తీసినవారు పూసిన వార్నిష్ అసలు చిత్రాలనే నల్లబరిచింది. యజ్దానీ సాహెబ్ హయాంలో ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సీని అనే ఇద్దరు నిపుణులను రప్పించి, 1920 నుంచి 1922 వరకు మరమ్మతు చేయించారు. ఊడిపోతున్న గచ్చు నిలిచింది. కాని వారు వాడిన లక్కపూత దశాబ్దాలు గడిచేకొద్దీ పసుపుబారింది. తర్వాతి తరాల నిపుణులు దాన్ని ఓపికగా తొలగించవలసి వచ్చింది. మంచి ఉద్దేశంతో చేసిన పనిలోనూ లోపం ఉండవచ్చునని ఒప్పుకోవడం కూడా విద్యలో భాగమే.

ఆయన ప్రధాన కృషి అజంతా మీద వెలువరించిన నాలుగు భాగాల గ్రంథం. మొదటి భాగం 1930లో, చివరిది 1955లో వచ్చాయి. ఈసారి నకళ్లు గీయించలేదు, ఛాయాచిత్రాలు తీయించారు. మరొకరి చేయి కల్పించినది కాకుండా, గోడ మీద ఉన్నదే పాఠకుని ముందుంచాలన్నది ఇందులోని మేలు. ఫ్రెంచి పండితుడు ఫూషే అంతకుముందు జాతక కథలను గుర్తించిన కృషిని కూడా ఆయన ఉపయోగించుకున్నారు.

ఆయన కృషి నుంచి మనం గ్రహించగల పద్ధతి ఇది. ముందు చిత్రంలోని కథ తెలుసుకోవాలి. కథ తెలియకుండా బాగుంది, బాగాలేదు అనడం తొందరపాటు. తర్వాత గీతను చూడాలి: వంగిన మెడలో, చేతివేళ్లలో భావం పలికిందా? ఆ తర్వాత రంగు: ఎర్రమట్టి ఈ నేలది, నీలం మాత్రం ఆఫ్ఘన్ కొండల రాయి. చివరకు కాలం చేసిన గాయమేదో, చిత్రకారుని లోపమేదో వేరు చేయాలి. ఈ నాలుగూ చూశాకే తీర్పు.

ఇతరుల విశ్వాసానికి చెందిన చిత్రాన్ని తెలుసుకోవడం వేరు, ఆరాధించడం వేరు. బౌద్ధుల గుహలకు అన్నేళ్లు సేవ చేసిన యజ్దానీ సాహెబ్ జీవితం ఆ తేడాను మనకు విడమరిచి చెబుతుంది.

ఇప్పుడు లేపాక్షికి వద్దాం. 16వ శతాబ్దంలో పెనుకొండ అధికారి విరూపణ్ణ కాలపు చిత్రాలవి. ఆయన పరివారపు తలల మీద పొడవాటి టోపీలు చూడండి. వాటిని కుల్లాయి అంటారు. ఆ మాట ఫార్సీ కులాహ్ నుంచి వచ్చింది. ఒంటిమీది కబాయి అరబ్బీ ఖబా. మనవి కావనుకున్న చిత్రాల్లో మన పూర్వుల భాషల జాడ ఉంది! చూడనివారికి అది ఎన్నటికీ దొరకదు.

1959లో భారత ప్రభుత్వం యజ్దానీ సాహెబ్‌ను పద్మభూషణ్‌తో గౌరవించింది. 1962లో ఆయన కన్నుమూశారు. ఈసారి సెలవుల్లో మన పిల్లలను లేపాక్షికి తీసుకువెళ్దాం. బాగుందా అని వెంటనే అడగవద్దు. ఏం కనిపించిందని అడుగుదాం.