దత్తమండలాల మన్రో

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు 1800 అక్టోబరులో నిజాము చేతినుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించాయి. సైన్యపు ఖర్చు కింద నిజాము ధారపోసిన ఈ సీమకు దత్తమండలాలని పేరు. ఆ ఏడే ఇక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో.

ఆయన 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. తండ్రి వ్యాపారం దెబ్బతినగా 1780లో మద్రాసు సైన్యంలో క్యాడెట్టుగా చేరాడు. ఫార్సీ, హిందుస్తానీ శ్రద్ధగా అభ్యసించాడు. బారామహల్, కెనరాలలో రెవెన్యూ పని నేర్చాడు.

ఇక్కడ మొదట ఎనభైమందికి పైగా ఉన్న పాలెగాండ్రను లొంగదీశాడు. ఆ కథ చేదైనది, విస్తరింపము. మా దృష్టిలో ఆయన అసలు కార్యం 1802లో ఆరంభమైంది.

విజయనగరం, బిజాపూరు, మొగలాయి, మరాఠా, మైసూరు అధికారాలు ఒకదానిపై ఒకటి గడచిన నేల ఇది. ఏ పొలం ఎంత, ఎవరిది, ఏ పన్నుకు లోబడినదో కరణాల కవిలెలలోనే చిక్కుపడి ఉండేది. కొత్త బందోబస్తు చేసేముందు ఉన్నదంతా వ్రాయించాలని మన్రో నిశ్చయించాడు. ముప్పదిమూడు అడుగుల గొలుసుతో పొలం పొలం కొలిపించాడు. ఆ గొలుసు పొడవూ వెడల్పూ గల చదరం ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. పొలానికొక సంఖ్య, మెట్టయా, మాగాణియా, తోటయా అన్న విభజన, సేద్యగాని పేరు. వెనుకనే దరఖాయీ చేసేవారు వచ్చి, రెడ్లు, కరణాలు, రైతుల సమక్షంలో దరలు నిర్ణయించేవారు. ఈ పని 1807 దాకా సాగింది. రైత్వారీ, జమాబందీ, పట్టా, ఇనాము మొదలైన మాటలెన్నో ఉర్దూ, తెలుగు వాకిళ్లు రెండింటా సమానంగా తిరిగినవే.

కంప్యూటరులో మార్పులు చేయబోయే ముందు బయోస్‌లోని అమరికలన్నీ కాగితంపై ఎక్కించుకోవాలని మన కంప్యూటరు విద్యార్థులకు తెలుసు. మార్పు బెడిసికొడితే వెనుకకు వెళ్లే దారి ఆ కాగితమే. దత్తమండలాలలో అచ్చంగా అదే జరిగింది.

పన్ను మొత్తం పంటలో నూటికి సుమారు 45 వంతులుగా ఉన్నది. ఇది రైతు మోయలేని భారమని గ్రహించి, నాలుగవ వంతు తగ్గించాలని 1807 ఆగస్టులో మన్రో సిఫారసు చేశాడు. ఆ భారం మోపినవాడూ ఆయనే గనుక దీనిని కేవలం దయగా మేము భావించము. పైవారు అంగీకరించలేదు. ఆయన సెలవుపై స్వదేశానికి వెళ్లగానే ఊళ్లను మొత్తంగా గుత్తకిచ్చే పద్ధతి వచ్చింది. మొదట మూడేళ్లకు, తరువాత పదేళ్లకు. గుత్తదారులు పలువురు చితికిపోయారు, రైతులు నలిగిపోయారు.

1820లో మన్రో మద్రాసు గవర్నరై తిరిగివచ్చాడు. రైత్వారీ మళ్లీ అమలైంది. మెట్ట పన్నులో నాలుగవ వంతు తగ్గింది. పొలాల కొలతలూ దరలూ వ్రాసిపెట్టి ఉన్నందున పని మళ్లీ మొదటినుండి ఆరంభించవలసిన అవసరం లేకపోయింది.

పదవి విడిచేముందు ఈ సీమను చివరిసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేశారు. అస్థికలను 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఈ ప్రాంతంలో చాలాకాలం వరకు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టేవారు.