జార్జ్ వాషింగ్టన్ కార్వర్

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ (సుమారు 1864 - జనవరి 5, 1943) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన వ్యవసాయ శాస్త్రవేత్త, వృక్షశాస్త్రజ్ఞుడు, అధ్యాపకుడు. వేరుశనగపై చేసిన పరిశోధనల వలన లోకప్రసిద్ధుడయ్యాడు. శాస్త్ర విషయాలను చదువురాని రైతుకు సైతం అర్థమయ్యేటట్లు చేరవేయడంలో ఈయన చేసిన కృషి ఆ పరిశోధనల కంటె విలువైనది. వ్యవసాయ విస్తరణ, వ్యవసాయ పాత్రికేయ వృత్తి అభ్యసించే విద్యార్థులకు ఈయన జీవితం ఒక పాఠం. ఈయనను గురించి పత్రికలు వ్రాసిన తీరు మరొక పాఠం.

బాల్యము, విద్యాభ్యాసము

మిస్సోరి రాష్ట్రంలోని డైమండ్ గ్రామ సమీపాన మోజెస్ కార్వర్ అనే రైతు పొలంలో, మేరీ అనే బానిస స్త్రీకి జార్జ్ జన్మించాడు. శైశవంలోనే దోపిడీ ముఠా ఒకటి తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయింది. బిడ్డ మాత్రమే తిరిగి దక్కాడు. అందుకు ప్రతిఫలంగా మోజెస్ ఒక గుర్రాన్ని ఇచ్చాడు. తల్లి జాడ తెలియలేదు. 1865లో మిస్సోరిలో బానిసత్వం రద్దయిన తరువాత మోజెస్, సుసాన్ దంపతులే జార్జ్‌ను, అతని అన్న జిమ్‌ను పెంచారు. జార్జ్ బలహీనుడు కావడంతో పొలం పనికి బదులు ఇంటిపనులు నేర్చుకున్నాడు. తీరిక వేళల్లో మొక్కలను పరిశీలించేవాడు.

ఊరి పాఠశాలలో నల్లజాతి పిల్లలకు ప్రవేశం లేనందున చదువుకోసం నియోషో పట్టణానికి వెళ్ళాడు. తరువాత కాన్సాస్‌లోని హైలాండ్ కళాశాల మొదట ప్రవేశం ఇచ్చి, ఈయన నల్లజాతివాడని తెలియగానే నిరాకరించింది. 1890లో అయోవాలోని సింప్సన్ కళాశాలలో చేరి చిత్రలేఖనం, సంగీతం అభ్యసించాడు. అక్కడి చిత్రలేఖన ఉపాధ్యాయిని ఎట్టా బడ్ సలహాపై 1891లో ఏమ్స్‌లోని అయోవా వ్యవసాయ కళాశాలలో చేరాడు. ఆ కళాశాలకు ఈయనే తొలి నల్లజాతి విద్యార్థి. 1894లో పట్టభద్రుడై, 1896లో స్నాతకోత్తర పట్టా పొందాడు.

టస్కీగీలో

1896లో బుకర్ టి. వాషింగ్టన్ ఆహ్వానంపై అలబామా రాష్ట్రంలోని టస్కీగీ విద్యాసంస్థలో వ్యవసాయ శాఖాధిపతిగా చేరి, జీవితాంతం అక్కడనే పనిచేశాడు. ఆ ప్రాంతంలో ఏటేటా ప్రత్తి ఒక్కటే పండించడం వలన నేలలు నిస్సారమయ్యాయి. పండినదానిలో భూస్వామికి వాటా ఇచ్చి సాగుచేసే నల్లజాతి రైతులు అప్పులలో కూరుకుపోయారు. ఎరువు కొనే స్తోమత వారికి లేదు. అందుచేత కార్వర్ డబ్బు ఖర్చులేని మార్గాలను వెదకాడు. అడవిలోని ఆకులను, చిత్తడినేలల మట్టిని ఎరువుగా వాడమన్నాడు. ప్రత్తికి బదులుగా అలసంద, వేరుశనగ వంటి పప్పుజాతి పైర్లను మార్చి మార్చి వేస్తే నేలలో నత్రజని పెరుగుతుందని బోధించాడు. చిలగడదుంపను ఆహారపంటగా ప్రోత్సహించాడు.

రైతుల వద్దకు శాస్త్రము

1898 నుండి 1943 వరకు కార్వర్ 44 చిన్న పుస్తకాలు వెలువరించాడు. సాధారణంగా ఒక్కొక్కటి ఒకే విషయానికి పరిమితమై ఉండేది. పారిభాషిక పదాలను వీలైనంత తగ్గించి, రైతు వద్ద ఉన్న వస్తువులతో చేయదగిన పనినే చెప్పేవాడు. 1916లో వచ్చిన వేరుశనగ పుస్తకంలో సాగు పద్ధతితోపాటు 105 వంటకాలను చేర్చాడు. కొత్త పంటను పండించమని చెప్పి ఊరుకుంటే చాలదని, దానిని ఇంట్లో ఎలా వాడుకోవాలో గృహిణికి కూడా చెప్పాలని ఆయన గ్రహించాడు.

చదవలేని వారికి పుస్తకం చేరదు. అందుకోసం 1906లో జెసప్ బండి ప్రారంభమైంది. మోరిస్ జెసప్ అనే దాత ధనసహాయంతో తయారైన ఈ గుర్రపుబండిలో పనిముట్లు, విత్తనాలు, ప్రదర్శన సామగ్రి ఉండేవి. థామస్ కాంప్‌బెల్ దానిని గ్రామాలకు తీసుకువెళ్ళి, రైతు పొలంలోనే చేసి చూపేవాడు. కార్వర్ పత్రికలకు కూడా సలహాల శీర్షిక వ్రాశాడు. మహాత్మా గాంధీతో ఆహార విషయాలపై ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు.

పత్రికలు సృష్టించిన కార్వర్

1921లో వేరుశనగపై దిగుమతి సుంకం విషయమై అమెరికా ప్రతినిధుల సభ సంఘం ఎదుట సాక్ష్యమిచ్చాడు. మొదట ఇచ్చిన పది నిమిషాల గడువును సభ్యులే పలుమార్లు పొడిగించారు. ఆనాటితో ఆయన కీర్తి దేశమంతటా వ్యాపించింది. దానితోపాటు అతిశయోక్తులూ పెరిగాయి.

వేరుశనగ వెన్నను కార్వర్ కనిపెట్టాడన్న ప్రచారం నిజం కాదు. కెనడాకు చెందిన మార్సెల్లస్ ఎడ్సన్ 1884లోనే వేరుశనగ ముద్దపై పేటెంటు పొందాడు. వేరుశనగతో 300 వస్తువులు తయారుచేశాడని వ్రాసిన జాబితాలలో అంతకుముందే తెలిసిన వంటకాలు అనేకం ఉన్నాయి. తయారీ విధానాలను ఆయన చాలావరకు వ్రాసి ఉంచలేదు. పొందిన పేటెంట్లు మూడు మాత్రమే. దక్షిణ రాష్ట్రాలలో వేరుశనగ సాగు పెరగడానికి ప్రత్తిని నాశనం చేసిన కాయతొలుచు ముక్కుపురుగు కూడా ఒక ముఖ్య కారణం.

1933 చివరలో, కార్వర్ వేరుశనగ నూనె మర్దనతో పోలియో రోగులకు మేలు జరుగుతున్నదన్న వార్త దేశమంతటా వచ్చింది. వేలాది మంది ఆశతో ఉత్తరాలు వ్రాశారు, టస్కీగీకి తరలివచ్చారు. నూనెకు ఆ గుణం ఉన్నట్లు రుజువు కాలేదు. ఇటువంటి ప్రచారాన్ని కార్వర్ గట్టిగా ఖండించకపోవడం ఆయన జీవితంలో ఒక లోపంగా చరిత్రకారులు పరిగణించారు. రైతు తన పొలంలో సరిచూసుకోగల మాటలనే చెప్పిన వ్యక్తిని గురించి, ఎవరూ సరిచూడని కథలు వ్యాపించాయి.

చివరి రోజులు

నిరాడంబరంగా జీవించిన కార్వర్ అవివాహితుడు. తాను కూడబెట్టిన సుమారు 60,000 డాలర్లను పరిశోధన సంస్థకు, మ్యూజియమునకు ఇచ్చాడు. మెట్లపై నుండి పడిన తరువాత 1943 జనవరి 5న టస్కీగీలో మరణించాడు. బుకర్ టి. వాషింగ్టన్ సమాధి ప్రక్కనే ఆయనను ఖననం చేశారు. అదే సంవత్సరం జూలైలో ఆయన జన్మస్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అమెరికాలో ఒక నల్లజాతి వ్యక్తి పేరిట ఏర్పడిన తొలి జాతీయ స్మారకం ఇది.